చెరువును ఖాళీ చేసిన చేప, దాన్ని మేపిన చెత్త: విశాఖ శివారులో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఆహారంపై ఒక కేస్ స్టడీ

పెందుర్తి దాటి సబ్బవరం వైపు వెళ్తుంటే లోపలికి ఉండే ఒక ఊరి చెరువు కథ ఇది. ఊరి పేరు రాయడం లేదు. చెరువును పాటలో దక్కించుకున్న మత్స్యకార సహకార సంఘం అలా కోరింది. ఏటా ఆగస్టులో వాళ్లు బొచ్చె, శీలావతి, మోసు పిల్లలను కొని చెరువులో వదులుతారు. వేసవిలో వల లాగితే పాత చేపలు పడుతున్నాయి తప్ప కొత్తగా వదిలినవి రావడం లేదు. వరసగా మూడేళ్లు ఇలాగే జరిగింది. పెట్టిన డబ్బు తిరిగి రాకపోవడంతో సంఘంలోని కుటుంబాల మధ్య మాటలు పెరిగాయి. రాత్రిళ్లు ఎవరో దొంగచాటుగా వల వేస్తున్నారని కొందరు, నీళ్లలో మందు కలిపారని కొందరు, పిల్లలు అమ్మినవాళ్లు లెక్కలో మోసం చేశారని మరికొందరు అనుకుంటున్నారు. మంచినీటి చెరువుల యాజమాన్యం మీద సలహాలివ్వడం నా వృత్తి. తగాదా పోలీసుల దాకా వెళ్లకముందే కారణం తేల్చమని సంఘం నన్ను పిలిచింది.

నేను వెళ్లేసరికి చెరువు సగానికి తగ్గి ఉంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ కొలిస్తే చేపలను చంపేంత తక్కువగా లేదు. నీరు చెడితే అన్నిటికంటే ముందు బొచ్చెలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి, చచ్చినవి ఒడ్డుకు కొట్టుకొస్తాయి, కొంగలు, గద్దలు మూగుతాయి. అలాంటిదేదీ ఎవరూ చూడలేదు. దొంగతనం కూడా పొసగలేదు. దొంగ పెద్ద చేపను వదిలేసి పిల్లను ఎత్తుకుపోడు. ఇక్కడ కిలో దాటిన బొచ్చెలు క్షేమంగా ఉన్నాయి, వేలెడు పిల్లలే లేవు.

పిల్లలు అమ్మినవాళ్ల మీద అనుమానాన్ని సంఘం పెద్ద ఒకే మాటతో తీర్చేశాడు. "పరిగెల పులుసు తిని ఎన్నాళ్లయిందో అమ్మా. వాటిని మేం కొన్నదీ లేదు, వదిలిందీ లేదు. వాటంతట అవే ఉండేవి. ఇప్పుడు అవి కూడా లేవు" అన్నాడు. ఎవరూ కొనని, ఎవరూ వదలని చేప మాయమైందంటే అమ్మకందారుకు దానితో సంబంధం లేదు. పరిగెలతో పాటు జెల్లలు, గొరకలు, ఇంగిలాయిలు కూడా తగ్గిపోయాయని చేపలమ్మే ఆడవాళ్లు చెప్పారు. పెద్దవి మిగిలి, చిన్నవి మాత్రం జాతి భేదం లేకుండా పోతున్నాయంటే వాటిని ఏదో మింగుతోందని అర్థం.

ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుని నీటిని చూశాం. గాలి లేదు. అలలు లేని నీటిలో అక్కడక్కడ వెడల్పాటి మూతి ఒకటి పైకి వచ్చి, గాలి మింగి, బుడగలు వదిలి లోపలికి పోతోంది. కొర్రమీనులని మొదట అన్నారు. కొర్రమీను కూడా గాలి పీలుస్తుంది కాబట్టి ఆ మాటలో తప్పు లేదు. అయితే ఆ మూతుల చుట్టూ మీసాలున్నాయి.

పట్టిన చేప ఏది

వలలో పడ్డది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. శాస్త్రీయ నామం క్లారియస్ గారీపినస్. 1990ల తొలినాళ్లలో బంగ్లాదేశ్ మీదుగా, అనుమతి లేకుండా మన దేశంలోకి వచ్చింది. 1997లోనే కేంద్ర ప్రభుత్వం దీని పెంపకాన్ని నిషేధించింది. 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ మళ్లీ కఠినమైన ఆదేశాలిచ్చింది. అయినా త్వరగా పెరుగుతుంది, మురుగులోనూ బతుకుతుంది, ఏది వేసినా తింటుంది కాబట్టి చాటుమాటుగా పెంచేవాళ్లు ఉన్నారు. ఈ చెరువుకు ఎగువన, పాత క్వారీ గుంతల్లో కొన్నేళ్ల కిందట ఎవరో దీన్ని పెంచారని, పెద్ద వానలకు గుంతలు పొర్లి గెడ్డలో (వాగులో) కలిశాయని ఊళ్లో అందరూ చెప్పారు. గెడ్డ నేరుగా ఈ చెరువులోకి దిగుతుంది.

మన మార్పు చేపకూ దీనికీ దగ్గరి చుట్టరికం ఉంది. రెండింటికీ నాలుగు జతల మీసాలు, పొలుసులు లేని జిగట చర్మం. అందుకే బజారులో దీన్ని మార్పు అని చెప్పి అమ్మేస్తారు. మా పనిలో ఈ తేడా పట్టుకోవడం చాలా ముఖ్యం. మన మార్పు ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో అంతరించే ప్రమాదమున్న జాతి. పొరపాటున దాన్ని చంపితే చేసిన మేలు కంటే కీడే ఎక్కువ. తల వెనక ఎముక చివర ఆకారం రెండింటికీ వేరుగా ఉంటుంది. చేపను వెల్లకిలా తిప్పితే ఆఫ్రికన్ చేప తల అడుగున, రెండు పక్కలా పొడుగ్గా నల్లటి చారలు కనిపిస్తాయి. వెన్ను మీద బూడిద, నలుపు కలిసిన మరకలుంటాయి. ఈ గుర్తులను సంఘం సభ్యులకు చేపను చేతిలో పెట్టి చూపించాం. తర్వాత వాళ్లు చీకట్లో, టార్చిలైటు వెలుగులో కూడా నాకంటే వేగంగా పోల్చగలిగారు.

నోటి నిర్మాణం చూస్తే ఇది ఎలా తింటుందో సగం తెలిసిపోతుంది. తల బల్లపరుపుగా, శరీరం పొడవులో దాదాపు మూడో వంతు ఉంటుంది. నోరు ఈ చెంప నుంచి ఆ చెంప దాకా వెడల్పు. దవడల మీద, అంగిలి ముందు భాగాన సన్నని పళ్లు పట్టీలుగా ఉంటాయి. వేలితో రాస్తే గరుకుగా తగులుతాయి గానీ కోయలేవు. పట్టుకోవడానికే పనికొస్తాయి, ముక్కలు చేయడానికి కాదు. అంటే దొరికిన ఎరను ఇది గుటుక్కున మింగుతుంది. ఆహారం పరిశీలించేవాళ్లకు ఇదొక వరం. లోపల దొరికేవి నలగకుండా, చాలాసార్లు గుర్తుపట్టే స్థితిలో ఉంటాయి.

రెండోది మొప్పలు. మొప్పల కమానుల మీద సన్నని ముళ్లు దట్టంగా ఉంటాయి. చేప పెద్దదవుతున్న కొద్దీ వాటి సంఖ్య కూడా పెరుగుతుంది. నీటిని వడగట్టే జల్లెడ అది. ఇంత పెద్ద వేటాడే చేప నీటి ఈగలంత సూక్ష్మజీవులను కూడా వడగట్టుకుని తినగలదంటే చాలామంది నమ్మరు. బొచ్చె బతికేది ఆ సూక్ష్మజీవుల మీదే. కాబట్టి ఈ చేప బొచ్చె పిల్లను మింగడమే కాదు, బతికి బయటపడ్డ బొచ్చె నోటి దగ్గర తిండిని కూడా లాక్కుంటుంది.

మొప్పల పైన, తలలోని గూళ్లలో కొమ్మలు కొమ్మలుగా చీలిన అవయవాలుంటాయి. వాటితో గాలి నుంచి నేరుగా ప్రాణవాయువు తీసుకుంటుంది. కళ్లు చిన్నవి, వేటకు అవి పెద్దగా అక్కర్లేదు. మీసాల మీద రుచి మొగ్గలుంటాయి. చర్మంలో ఉండే గ్రాహకాలు ఇతర జీవుల శరీరం నుంచి వచ్చే అతి బలహీనమైన విద్యుత్తును పసిగడతాయి. బురద నీటిలో, అమావాస్య రాత్రి, కదలకుండా దాక్కున్న పరిగెను కూడా ఇది వెతికి పట్టగలదు. మన చిన్న చేపలకు చీకటే రక్షణ. ఈ చేప దగ్గర ఆ రక్షణ చెల్లదు.

కడుపు కోసే ముందు

ఆహార పరిశీలన అంటే కడుపు కోసి చూడటమే కదా అనుకుంటారు. కోత చివరి మెట్టు మాత్రమే. అంతకంటే ముందు చేపను ఎలా పట్టామన్నది ఫలితాన్ని తారుమారు చేస్తుంది.

సంఘం వాళ్లకు తేలికైన పద్ధతి గాలం. గాలానికి కోడి పేగు గుచ్చితే క్యాట్‌ఫిష్ క్షణాల్లో పడుతుంది. అయితే అలా పట్టిన చేప కడుపులో కోడి పేగు దొరికితే అది ఎరా, తిండా? పైగా ఆకలితో ఉన్న చేపే గాలానికి ఎక్కువగా వస్తుంది, కాబట్టి ఖాళీ కడుపులు ఎక్కువగా కనిపిస్తాయి. వేసి ఉంచే వలలతో మరో చిక్కు. వలలో చిక్కిన చిన్న చేపలను పక్కనే చిక్కిన క్యాట్‌ఫిష్ తినేస్తుంది, దాని సహజ ఆహారంలో చేపల వాటా ఉన్నదానికంటే ఎక్కువగా అనిపిస్తుంది. అందుకే పరిశీలనకు విసురు వలతో, లాగుడు వలతో పట్టినవే తీసుకున్నాం. గాలానికి పడినవాటిని చెరువు నుంచి తీసేయడానికే వాడుకున్నాం, లెక్కలో చేర్చలేదు.

వేళ కూడా ముఖ్యం. ఇది రాత్రి తింటుంది. మన వాతావరణంలో నీరు 28, 30 డిగ్రీల వెచ్చదనంలో ఉన్నప్పుడు మెత్తని ఎర కొన్ని గంటల్లోనే గుజ్జయిపోతుంది. మధ్యాహ్నం పట్టిన చేపలో దొరికేది బూడిదరంగు పేస్టు. అందుకే తెల్లవారకముందే పట్టాలి. పట్టాక కూడా జీర్ణక్రియ ఆగదు, చేప చచ్చినా కడుపులోని రసాలు పని చేస్తూనే ఉంటాయి. ఒడ్డు మీదే 10 శాతం ఫార్మలిన్‌ను సూదితో పొట్టలోకి ఎక్కించి, మంచులో పెట్టి తెచ్చేవాళ్లం.

లెక్కకు మూడు కొలమానాలు వాడాను. ఒక ఆహారం ఎన్ని కడుపుల్లో కనిపించింది, ఎన్ని ముక్కలుగా ఉంది, ఎంత పరిమాణం ఆక్రమించింది. ఏ ఒక్కదాన్ని నమ్మినా దారి తప్పుతాం. చీమంత పురుగులు వంద ఉండి ఒక్క కప్ప ఉంటే, సంఖ్యలో పురుగు గెలుస్తుంది, పరిమాణంలో కప్ప గెలుస్తుంది. చేపల ఆహారంలో వేర్వేరు పదార్థాల ప్రాధాన్యాన్ని తూచడానికి నటరాజన్, ఝింగ్రన్ 1961లో ప్రతిపాదించిన సూచిక, కనిపించిన కడుపుల వాటానూ పరిమాణాన్నీ కలిపి చూస్తుంది. మన చెరువులకు అది ఇప్పటికీ బాగా పనికొస్తుందని నా అభిప్రాయం.

కడుపులో ఏముంది

ఒక చేపను దగ్గరగా చూపిస్తాను. ఆగస్టు చివర్లో, సంఘం పిల్లలను వదిలిన వారంలోనే, చెరువు దక్షిణపు ఒడ్డున తెల్లవారుజామున లాగుడు వలలో పడిన ఆడ చేప. పొడవు సుమారు 70 సెంటీమీటర్లు, బరువు 3 కిలోలకు దగ్గర. పొట్ట చేతికి బిగువుగా తగిలింది. కడుపు గోడ దళసరిగా, కండ పట్టి ఉంది. కత్తెరతో నిలువునా కోసి ట్రేలో విప్పితే, గొంతుకు దగ్గరగా తాజావి, పేగు వైపు పాతవి, తిన్న వరస తెలిసేలా పేర్చినట్టే ఉన్నాయి.

గొంతు దగ్గర ఆరు శీలావతి పిల్లలు. రెండు దాదాపు చెక్కుచెదరలేదు, పొలుసు వెండి మెరుపు కూడా పోలేదు. అన్నీ తల ముందుగా మింగినవే. వాటి వెనక చర్మం కరిగిపోయి వెన్నెముకలు మాత్రమే మిగిలిన మరికొన్ని. అవి ఏ జాతివో తేల్చడానికి గొంతు పళ్లు వెతికాం. శీలావతి, బొచ్చె, మోసు జాతులకు దవడల్లో పళ్లుండవు, గొంతులో లోపలికి ఉంటాయి. అవి త్వరగా అరగవు. వాటి వరసలను బట్టి మైక్రోస్కోపు కింద కుటుంబాన్ని పోల్చవచ్చు. తల లోపలి చెవి రాళ్లు కూడా అలాగే ఉపయోగపడ్డాయి. ఇంకా కిందికి వెళ్తే తూనీగ లార్వాల తలలు, నీటి పేడపురుగుల రెక్కల డొప్పలు, నత్త మూతలు. గుల్ల అరిగిపోయినా, గుల్ల నోటిని మూసే ఆ గుండ్రటి మూత అరగదు. ఎన్ని మూతలుంటే అన్ని నత్తలు తిన్నట్టు. చిట్టచివర, పేగు మొదట్లో, ముద్దగా చుట్టుకున్న తెల్లటి ఈకలు. కోడి ఈకలు.

ఆ ఈకల దగ్గర నేను చాలాసేపు ఆగాను. అప్పటికి నా దృష్టి పిల్లల మీదే ఉంది, సంఘం దృష్టీ అంతే. కడుపులు ఒక్కొక్కటే కోస్తున్న కొద్దీ ఈకలు, కోడి పేగులు, పసుపు కొవ్వు ముక్కలు, కాళ్ల చర్మం మళ్లీ మళ్లీ కనిపించాయి. ఏడాది పొడవునా చూస్తే, పరిమాణం ప్రకారం అన్నిటికంటే పెద్ద వాటా కోడి వ్యర్థాలదే. వాటితో పాటు వండిన అన్నం మెతుకులు, ఒకటి రెండింట్లో నేరేడు గింజలు, పాలిథీన్ ముక్కలు కూడా ఉన్నాయి. చేపలది పెద్ద వాటాగా కనిపించింది కొన్ని నెలల్లో మాత్రమే.

వ్యర్థాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతకాల్సిన పని లేకపోయింది. రోడ్డును ఆనుకుని ఉన్న దక్షిణపు గట్టు మీద ఆదివారం సాయంత్రాల్లో గోనె సంచులు పడతాయి. చుట్టుపక్కల కాలనీలు పెరిగాయి, మాంసం దుకాణాలు పెరిగాయి, సంచి దింపడానికి చీకటి పడ్డాక గట్టు అనువుగా ఉంది. నీటిలో పడిన సంచి చుట్టూ రాత్రి టార్చి వేసి చూస్తే నీరు తెర్లుతున్నట్టు కదులుతుంది. కొంగలకు, కుక్కలకు అందనిదంతా క్యాట్‌ఫిష్‌కే.

జీవావరణ శాస్త్రంలో దీనికి ఒక సూత్రం ఉంది. సాధారణంగా ఎర తగ్గితే వేటగాడు కూడా ఆకలితో తగ్గుతాడు, ఆ వెసులుబాటులో ఎర కోలుకుంటుంది. వేటగాడికి బయట నుంచి ఉచితంగా తిండి అందుతుంటే ఈ పగ్గం తెగిపోతుంది. ఎర పూర్తిగా ఖాళీ అయినా వేటగాడి సంఖ్య తగ్గదు. మా చెరువులో జరిగింది అచ్చంగా ఇదే. పరిగెలు ఉన్నా లేకపోయినా ఈ చేపకు ఆదివారం తిండికి ఢోకా లేదు. ఆ తిండితో పెరిగిన పెద్ద చేపలు, పరిగె ఒకటి కనిపించినా వదలవు. చేపల కడుపులో చేపలు తక్కువగా ఉన్నాయి కాబట్టి ఇది చేపలకు పెద్ద హాని చేయదని ఎవరైనా లెక్క చూపిస్తే నమ్మకండి. చెరువులో మింగడానికి చేపలు మిగలకపోయినా కడుపులో చేపలు తక్కువగానే ఉంటాయి.

కాలంతో మారిన తిండి

తొలకరి జల్లులు పడిన రాత్రుల్లో కడుపులు ఉసిళ్లతో నిండిపోయాయి. గట్టు మీది వీధి దీపాలకు చేరి, రెక్కలు రాలి నీళ్లలో పడిన ఉసిళ్లను ఇవి నీటి పైపైన, మూతి తెరిచి, తిరుగుతూ మింగుతాయి. ఆ వారం వాటికి వేరే తిండి అక్కర్లేదు. అదే సమయంలో గుడ్లు పెట్టడానికి గెడ్డకు ఎదురెక్కి, కొత్త నీరు కమ్మిన గడ్డిలోకి వెళ్తాయి. గుడ్లు గడ్డికి అంటుకుంటాయి, ఒకటి రెండు రోజుల్లోనే పొదుగుతాయి. ఆ రాత్రుల్లో పట్టిన పెద్ద చేపల్లో కొన్నింటి కడుపు ఖాళీ, మరికొన్నింటిలో చిరుకప్పలు. వాటి పిల్లలు ఒకదాన్నొకటి తింటాయి. సమానంగా ఉన్నవి తోక వైపు నుంచి కొరుకుతాయి, కాస్త పెద్దదైనది తోటి పిల్లను పూర్తిగా మింగుతుంది.

ఆగస్టు, సెప్టెంబరులో వేసిన పిల్లలు. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. పెంపకంలో ఈ జాతికి శరీర బరువులో 2 నుంచి 5 శాతం మేత రోజూ వేస్తారు. తక్కువలో తక్కువ 2 శాతం అనుకున్నా 3 కిలోల చేపకు 60 గ్రాములు. 8 సెంటీమీటర్ల శీలావతి పిల్ల సుమారు 5 గ్రాములు. అంటే ఒక్క చేపకు ఒక్క రాత్రికి పన్నెండు పిల్లలు. సంఘం వాళ్లు చేప పిల్లల సంచులను దక్షిణపు గట్టు దగ్గర, లారీ ఆగే చోట, ఒకేసారి, సాయంత్రం పూట ఖాళీ చేసేవాళ్లు. ప్రయాణంలో అలిసిన పిల్లలు కొన్ని రోజుల పాటు ఆ ఒడ్డునే లోతులేని నీటిలో తచ్చాడతాయి. చెత్త సంచుల చుట్టూ క్యాట్‌ఫిష్ కాపు కాసే ఒడ్డు కూడా అదే. చీకటి పడగానే వేట మొదలు.

చలికాలంలో నత్తలు, లార్వాలు, చెరువు రొయ్యలు ఎక్కువ. ఏప్రిల్, మే వచ్చేసరికి నీరు మధ్యకు కుంచించుకుపోయి, దాగడానికి తుంగ కూడా మిగలదు. ఆ నెలల్లో చేపల వాటా మళ్లీ పెరిగింది. బోట్స్వానాలోని ఒకవాంగో డెల్టాలో వరద తగ్గే కాలంలో ఇదే జాతి గుంపులు కట్టి, ఒడ్డు మొక్కల్లో దాగిన చిన్న చేపలను తోలుకుంటూ వేటాడుతుంది. దక్షిణాఫ్రికాలోని సిబాయా సరస్సులో 1970ల్లో జరిగిన అధ్యయనం కూడా రాత్రిపూట ఒడ్డు నీటిలో వేటాడటాన్నీ, కలిసికట్టుగా వేటాడటాన్నీ నమోదు చేసింది. మే నెల రాత్రి మా చెరువులో, మిగిలిన నీటి అంచు వెంబడి వరసగా కదిలిన అలల గీతలు చూసినప్పుడు ఆ వర్ణన గుర్తొచ్చింది. నేను చూసింది కూడా గుంపు వేటే అని నా నమ్మకం.

ఏం చేశాం, ఏం జరిగింది

ఇప్ప చెక్క (నూనె తీసిన ఇప్ప గింజల పిండి) చల్లి మొత్తం చేపలను చంపేసి మళ్లీ మొదలుపెడదామని సంఘంలో కొందరన్నారు. పెంపకం గుంతల్లో అది వాడుకలో ఉన్న పద్ధతే. ఊరి చెరువుకు నేను ఒప్పుకోలేదు. పశువులు తాగే నీరు, దిగువన అలుగు దాటితే గెడ్డ మేఘాద్రి గెడ్డ జలాశయం వైపు పోతుంది, నగరానికి తాగునీరిచ్చే జలాశయం అది. పైగా మిగిలిన కొద్దిపాటి మార్పులు, కొర్రమీనులు కూడా అందులోనే పోతాయి. గాలి పీల్చే ఈ చేపేమో బురదలో దూరి కొంతైనా మిగులుతుంది.

మొదట గట్టు సంగతి చూశాం. సంఘం ఆడవాళ్లు దుకాణాలకు స్వయంగా వెళ్లి, కడుపులో దొరికిన ఈకల సీసాను చూపించి మాట్లాడారు. నేను కాగితాలతో చెప్పినదానికంటే ఆ సీసా ఎక్కువ పనిచేసింది. వ్యర్థాలు తీసుకెళ్లే బండి ఏర్పాటయింది, గట్టు మీద దీపం వెలిగింది, సంచులు చాలావరకు ఆగాయి.

ఇక్కడ ఇతర చెరువుల వాళ్లు తప్పకుండా తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. వ్యర్థాలు ఆగిన తొలి నెలల్లో కడుపుల్లో చేపలు, రొయ్యలు, నత్తలు పెరిగాయి. ఉచిత తిండి పోయిన వేటగాడు చెరువు మీద పడ్డాడు. దీన్ని ముందే ఊహించి ఆ ఏడు పిల్లలను వదలవద్దని సంఘాన్ని ఒప్పించాను. ఒక ఏడాది ఆదాయం ఆశను వదులుకోవడం ఆ కుటుంబాలకు చిన్న విషయం కాదు. వాళ్లు ఆ మాట నిలబెట్టుకున్నారు కాబట్టే మిగతా పని సాగింది. చెత్త ఆపడం, చేపను పట్టడం ఒకేసారి జరగాలి. చెత్త మాత్రమే ఆపితే చిన్న చేపలకు అది గడ్డుకాలం. చేపను మాత్రమే పడితే, మిగిలినవి ఆ చెత్త తిని మళ్లీ పెరుగుతాయి.

పట్టడానికి రెండు అదనులు ఎంచుకున్నాం. ఒకటి మే నెల, నీరు తక్కువగా ఉన్నప్పుడు లాగుడు వలలు. రెండోది తొలకరి, గెడ్డ నోటి దగ్గర ఎదురెక్కే పెద్ద చేపలకు అడ్డంగా వలలు, మావులు (చేపలు పట్టే బుట్టలు). గుడ్లతో నిండిన ఒక్క ఆడ చేపను పడితే వేల పిల్లలను ఆపినట్టే. పట్టినవాటిని చంపి, గొయ్యి తీసి పూడ్చారు. అమ్ముకుంటామని కొందరు అడిగారు, నేను గట్టిగా వద్దన్నాను. దానికి ధర వస్తే ఎగువ గుంతల్లో మళ్లీ ఎవరో ఒకరు పెంచుతారు. తలకింద చారలు లేవని చూసి, మార్పు అని తేలిన ప్రతి చేపనూ తిరిగి నీళ్లలో వదిలారు.

మరుసటి ఏడు పిల్లలను వదిలే తీరు మార్చాం. 8 సెంటీమీటర్ల పిల్లలకు బదులు 15 సెంటీమీటర్లు దాటినవి, సంఖ్య తక్కువైనా సరే. కొన్నాళ్లు చెరువులోనే వల కట్టిన ఆవరణలో పెంచి, తెల్లవారాక తెప్ప మీద తీసుకెళ్లి నడి చెరువులో చాలా చోట్ల విడివిడిగా వదిలారు. చీకటి పడేలోపు చెదిరిపోవడానికి వాటికి ఒక పగలంతా దొరుకుతుంది. దక్షిణపు గట్టు దగ్గర ఒక్కటి కూడా వదల్లేదు.

కిందటి వేసవి వలలో ఆ శీలావతులు పడ్డాయి. పెట్టిన ఖర్చు వెనక్కి వచ్చింది, మాటలు పడ్డ కుటుంబాలు ఒకే తెప్ప మీద వల లాగాయి. క్యాట్‌ఫిష్ ఇంకా ఉంది. పడుతున్నవి మునుపటి కంటే చిన్నవి, పొట్టలు పలుచన, ఈకలు అరుదు. గెడ్డ పైనున్న గుంతల సంగతి తేలేదాకా ప్రతి వానకూ కొత్తవి దిగుతూనే ఉంటాయి. అందుకే ఇన్‌లెట్ దగ్గర జాలీ, అలుగు దగ్గర మరో జాలీ పెట్టే పని ఈ వానలకు ముందే పూర్తి చేయాలని సంఘం పూనుకుంది. అలుగు దగ్గరి జాలీ దిగువ జలాశయం కోసం.

పరిగెలు మాత్రం తిరిగి రాలేదు. పక్క ఊరి కుంటలో ఇంకా ఉన్నాయి, తెచ్చి వదులుదామని పెద్దాయన అడుగుతున్నాడు. కొంచెం ఆగమన్నాను. దక్షిణపు ఒడ్డున పట్టిన వాటి కడుపుల్లో చెరువు రొయ్యలు, నత్త మూతలు ఇంకా దండిగా కనిపిస్తున్నాయి, అంటే ఒడ్డు వేట సాగుతూనే ఉంది. తుంగను ఉత్తరపు గట్టు వెంబడి మళ్లీ పెరగనివ్వమని, పశువులను అటు దింపవద్దని చెప్పాను. తొలకరి వేట ముగిశాక మరో విడత కడుపులు కోసి చూసి, పరిగెలను ఎప్పుడు తేవాలో అప్పుడు నిర్ణయిస్తాం.